పెంకులక్క చూపించిన ఖాళీ

పెంకులక్కను అసలు పేరుతో పిలిచేవాళ్ళు మా ప్రయోగశాలలో ఎవరూ లేరు. జీతాల గుమాస్తా కూడా "పెంకులక్కా, ఇక్కడో సంతకం" అనే అంటాడు. చెరువు అడుగు బురదలో పెంకులు వెతకడం ఆమె పని. పెంకులంటే కుండపెంకులు కావు. నీటి ఈగలని ఉంటాయి. పేరుకు ఈగలే గానీ రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలు, ఆవగింజలో సగం కూడా ఉండవు. అవి చచ్చాక లోపలి ఒళ్ళు కుళ్ళిపోతుంది, పైనున్న డొల్ల మాత్రం కుళ్ళదు. ఏ ఏటి డొల్లలు ఆ ఏటి బురదలో పడి ఉంటాయి. వాటి మీద మరుసటి ఏడు బురద పడుతుంది. పొరలన్నీ విప్పి చూస్తే ఆ చెరువు ఎప్పుడు బాగుందో, ఎప్పుడు జబ్బుపడిందో, ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది.

నేను ఆమె పక్క బల్ల మీద పనిచేస్తాను. వాళ్ళింటి పై వాటాలోనే నేనూ, నా భార్యా, ఏడాది నిండని మా పాపా ఉంటాం. మా పాప తుమ్మితే నేను లేచి కూచుంటానని పెంకులక్కకు తెలుసు. "ఏం తమ్ముడూ, ఇవాళ ఎన్ని తుమ్ములు? రంగు వేసి గాజుపలక మీద పరిచి లెక్కపెడదామా?" అనేది పొద్దున్నే. ఆమెకు పెళ్ళి కాలేదు. యాభైకి దగ్గరపడింది. మెడ ముందుకు వంగిపోయింది. నడిచేటప్పుడు కూడా మైక్రోస్కోపులోకి చూస్తున్నట్టే ఉంటుంది.

బురదను ముందు గొట్టంతో దింపి, కడ్డీలా పైకి తీస్తారు. వేలెడు మందం బిళ్ళలుగా కోసి ఒక్కో బిళ్ళనూ ఒక్కో సీసాలో వేస్తారు. ఏ బిళ్ళ ఏ ఏటిదో పక్క గదివాళ్ళు కొలిచి చెబుతారు. మా దగ్గర ఆ బురదను క్షారం నీళ్ళలో వెచ్చబెట్టి, పట్టుబట్టకన్నా సన్నటి జాలి ఉన్న జల్లెడలో కడుగుతాం. మన్ను పోతుంది, పెంకులు మిగులుతాయి. వాటికి ఎర్రరంగు పట్టించి గాజుపలక మీద పరిచి లెక్కపెడతాం.

ఇందులో పెంకులక్క పెట్టిన కట్టుబాట్లు రెండున్నాయి. సీసాల మీద లోతు కనపడకుండా కాగితం అంటించి, అన్నీ కలిపేసి, చేతికి ఏది దొరికితే అది కడగాలి. "ఇది ఫలానా ఏడుదని తెలిసిందో, కన్ను ముందే తీర్పు చెప్పేస్తుంది. కన్నంత దొంగ ఇంకోటి లేదు" అనేది. రెండోది, ప్రతి విడతలోనూ పెంకులు దండిగా ఉండే మరో చెరువు బురదను అదే జల్లెడలో కడగాలి. దాన్ని మేం సాక్షి అంటాం. సాక్షి తక్కువ చెబితే జల్లెడలోనో చేతిలోనో లోపం ఉందన్నమాట. కొత్తగా చేరినవాళ్ళు ఈ రెండిట్లో ఏది మరిచినా ఆమె వాళ్ళ పలకలన్నీ తుడిచి చేతిలో పెట్టేది.

ఇక ఇల్లు. కింది వాటాలో నలుగురు. పెంకులక్క తల్లి, అన్న, వదిన, తను. అన్నయ్య లారీ షెడ్డులో మెకానిక్. మాట్లాడితే ఇంజను గురించే మాట్లాడతాడు, లేకపోతే లేదు. ఇల్లంతా నడిపేది వదిన. పెద్దామె మందులు, గుమ్మం ముందు తుడవడం, పాడైన కుళాయికి మనిషిని పిలవడం అన్నీ ఆమే. కానీ ఆ ఇంట్లో ఒక వింత ఉంది. మా పాపను తీసుకుని కిందికి వెళితే వదిన నవ్వుతుంది, పలకరిస్తుంది, చేయి మాత్రం చాపదు. ఒకసారి నా భార్య పాపను ఆమె ఒళ్ళో పెట్టబోతే పెద్దామె లోపలినుంచి గబగబా వచ్చి, "ఇటియ్యమ్మా, నేను పట్టుకుంటా, దానికి పనుంది" అని లాక్కున్నంత పని చేసింది. వదినకు ఆ సమయంలో ఏ పనీ లేదు.

కారణం పెంకులక్క చెప్పింది. వదినకు ఒకప్పుడు కొడుకు పుట్టాడు. బుడ్డోడు అనేవాళ్ళట. పాలు చాలకపోతే పాలపొడి కలిపి సీసాతో పట్టేవారు. కుళాయి నీళ్ళు ఊరి పక్క చెరువునుంచే వచ్చేవి. నెలల పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఒంట్లో నీరు లేదు. తిరిగి రాలేదు.

"అమ్మ ఆ రోజే అడిగింది, నీళ్ళు కాచావా అని. వదిన కాచాను అంది. అమ్మ నమ్మలేదు. అంతే తమ్ముడూ. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తోంది మా ఇల్లు."

"ఇప్పటికీ అంటారా?"

"అనదు. అంటే బాగుండు, ఎదురు చెప్పొచ్చు. పిల్లలున్న చోట వదినను నిలబడనివ్వదు."

ఈ ఏడు ఆ సంగతి ముదిరింది. పెద్దామె మనవరాలికి, అంటే పెంకులక్క చెల్లెలి కూతురికి, నెలలు నిండుతున్నాయి. ఆ అమ్మాయికి తల్లి లేదు, భర్త ఓడలో పనిచేస్తాడు, ఇంట్లో ఎవరూ ఉండరు. పెద్ద ఆసుపత్రి మా వీధి చివరే ఉంది కాబట్టి కాన్పయ్యాక ఆర్నెల్లు ఇక్కడే ఉంటుందని తేల్చారు. ఆ సాయంత్రం పెద్దామె వదినతో, "పసిబిడ్డ తిరిగే ఇల్లు. నువ్వు అన్నాళ్ళు మీ అక్క దగ్గరికి వెళ్ళిరా" అంది. గట్టిగా కాదు, కూరలు తెమ్మన్నట్టు. అన్నయ్య చేతులకున్న గ్రీజు తుడుచుకుంటున్నాడు. వదిన "సరే అత్తయ్యా" అంది.

పెంకులక్కకు ఆ "సరే" మింగుడుపడలేదు.

సరిగ్గా అప్పుడే నీళ్ళ బోర్డువాళ్ళు ఆ ఊరి పక్క చెరువు బురద కడ్డీని మా దగ్గరికి పంపారు. పూడిక తీస్తే పాత విషాలు పైకి లేస్తాయేమో చూసి చెప్పమన్నారు. చెరువుకు ఎగువన ఒకప్పుడు ఇనుప సామాన్లకు మెరుగుపూత వేసే కర్మాగారం ఉండేది. పచ్చటి నీళ్ళు వదిలేదని అందరూ అనేవారు, ఎవరూ నిరూపించలేదు. పెంకులక్క లెక్క ఇది. బుడ్డోడు పోయిన ఏడు చెరువులోకి విషం దిగి ఉంటే ముందు చచ్చేవి నీటి ఈగలే. ఆ పొరలో పెంకులుండవు. విషం కాస్తే పోదు. అలాంటప్పుడు వదిన నీళ్ళు కాచిందా లేదా అన్న ప్రశ్నే లేదు.

"పొర ఖాళీగా ఉండాలి తమ్ముడూ" అంది, సీసాలు బల్ల మీద పేరుస్తూ. ఆ మాట ఆమె నోటినుంచి రావడం నాకు కొత్త. పొర ఎలా ఉంటే అలా ఉంటుందనేది ఆమె మాట.

సీసాలు కలపలేదు. కలిపితే ఆ ఏడు ఏ రోజు చేతికొస్తుందోనని పైనుంచి కిందికి వరసగా కడుక్కుంటూ పోయింది. మధ్యలో వరద తెచ్చిన ఇసుక పొర ఒకటి వచ్చింది. ఇసుక జాలిలో ఇరుక్కుంటే జల్లెడను తట్టి తట్టి రాల్చాలి. ఆమె బొటనవేలితో రుద్దింది. సాక్షిని కడగడం తరవాత చూద్దామనుకుంది.

ఇసుక పొర దాటాక పలకల మీద పెంకులు పలచబడ్డాయి. ఒకటీ అరా పెంకు, విరిగిన తల ఒకటి. తరవాత అదీ లేదు. పక్క గదివాళ్ళ లెక్కలో బుడ్డోడు పోయిన ఏడు వచ్చేసరికి గాజు శుభ్రంగా ఉంది.

ఆమె నన్ను పిలవలేదు. కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని లేచాను. "టీ తాగుదాం పద" అంది.

మర్నాడు తల్లిని ప్రయోగశాలకు తీసుకొచ్చింది. పెద్దామె మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి కన్ను ఆనించింది.

"నా రెప్పలే కనిపిస్తున్నాయి."

"మరీ అతుక్కుపోకమ్మా. కొంచెం వెనక్కి రా."

"ఆఁ... ఎర్రగా ఏవో ఉన్నాయి. కొమ్ములు, తలకాయలు. ఛీ, ఇవా నువ్వు రోజూ చూసేది? అందుకే నీకు సంబంధాలు కుదర్లేదు."

"అది మంచి పొర. ఇప్పుడిది చూడు." పలక మార్చింది.

"ఏముంది ఇందులో? మసి నలుసులు తప్ప ఏమీ లేదు."

"బుడ్డోడు పోయిన ఏడమ్మా అది. చెరువులో ఒక్క ఈగ బతకలేదు. పైనుంచి విషం దిగింది."

పెద్దామె కన్ను తియ్యలేదు. "కాస్తే పోదా?"

"కాస్తే క్రిములు చస్తాయి. విషానికి చావేంటి? నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది."

"అయితే అది కాచిందా, లేదా..."

"రెండూ ఒకటే."

పెద్దామె కుర్చీలోంచి లేవడానికి నా చెయ్యి పట్టుకుంది.  ఇంటికి వెళ్ళాక వదినతో చెప్పింది ఇంతే: "మీ అక్కకు ఫోన్ చేసి, రావట్లేదని చెప్పెయ్."

వదిన స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు ఉండిపోయింది. ఆ తరవాత ఇంట్లో మనిషి మారింది. బుడ్డోడి గురించి మాట్లాడేది. వాడికి ఎడమ చెవి కొంచెం మడత పడి ఉండేదని, ఫ్యాను తిరిగితే నవ్వేవాడని. అన్నయ్య తింటూ తింటూ ఆగి వినేవాడు. ఒకరోజు ఆమె మా వాటాకు వచ్చి, "ఇటివ్వండి" అని మా పాపను అడిగి తీసుకుంది. భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ నడిచింది. కింద పెద్దామె తలెత్తి చూసి, "నిద్రపుచ్చితే రాత్రికి వాళ్ళకు జాగారమేనే, నీ సొమ్మేం పోయింది" అని అరిచింది. ఆ అరుపులో కోపం లేదు.

అలా కొన్ని వారాలు గడిచాయి.

పెంకులక్క ఆ బురద కడిగిన జల్లెడ నా వంతుకు వచ్చిన రోజు నా సాక్షి చాలా తక్కువ చెప్పింది. మళ్ళీ కడిగాను. మళ్ళీ అంతే. జల్లెడను కిటికీ వెలుతురుకు పట్టి వంచి చూశాను. జాలిని చట్రానికి అతికించిన చోట బియ్యపుగింజ పొడవున చీలిక ఉంది. మామూలుగా పట్టుకుంటే మూసుకుంటుంది, నీళ్ళ బరువు పడితే తెరుచుకుంటుంది. పెంకులన్నీ మురుగు గొట్టంలోకి పోతున్నాయి.

పెంకులక్క చేతికిచ్చాను. వేలితో ఆ అంచు తడిమింది.

"నా తరవాత దీన్ని ఎవరు వాడారు?"

"ఎవరూ వాడలేదక్కా. నేనే."

"ఇసుక దగ్గర రుద్దాను" అంది. జల్లెడను బల్ల మీద పెట్టి, "ఖాళీలన్నీ ఇసుక తరవాతవే" అంది.

సాక్షిని కడిగావా అని నేను అడగలేదు. అడగకుండానే తల అడ్డంగా ఊపింది.

సీసాల్లో బురద ఇంకా మిగిలి ఉంది. కొత్త జల్లెడ తీసి, సీసాలకు కాగితాలు అంటించి, కలిపి, సాక్షితో సహా అన్నీ మళ్ళీ కడిగింది. కాగితాలు ఊడదీసి చూసేసరికి ఆ ఏటి పలక నా ముందుంది. కిక్కిరిసిపోయి ఉంది. తలలు, డొల్లలు, గోళ్ళు, గుడ్లతిత్తులు, ఒకదాని మీద ఒకటి.

"ఉన్నాయి వెధవలు" అంది పెంకులక్క. "ఒక్కటీ చావలేదు."

మా పెద్దసారు విని, "జల్లెడ అన్నాక చిరుగుతుంది. పాత లెక్క కొట్టేసి కొత్తది పంపు" అన్నారు. ప్రయోగశాలలో అంతటితో సరి.

ఇంట్లో చెప్పాలా అని నేనే అడిగాను. బుద్ధి ఉండి అడిగానో లేక అడిగానో తెలియదు. అక్కడ వరండాలో వదిన భుజాన మా పాప పడుకోవడం నా కళ్ళలో ఉంది.

"బోర్డువాళ్ళు రేపు పేపరుకెక్కిస్తారు, చెరువు ఎప్పుడూ చావలేదు, పూడిక తీస్తున్నాం అని. వీధిలో ఎవరో వచ్చి చెబుతారు. అదేదో నేను చెప్పడమే నయం" అంది. తరవాత, "చూపించింది నేను కదా తమ్ముడూ" అంది.

ఆదివారం పొద్దున చెప్పింది. పాలసీసా కడగడానికి వేడినీళ్ళ కోసం నేను కిందికి దిగాను, అక్కడే నిలబడిపోయాను.

"అయితే విషం లేదంటావు" అంది పెద్దామె.

"ఈగలు చచ్చేంత లేదు."

"బిడ్డ చచ్చేంత?"

"అది ఈ పెంకులు చెప్పవమ్మా. విరేచనాలు నీళ్ళవల్లే రావాలని లేదు. సీసా వల్ల రావచ్చు, చేతుల వల్ల రావచ్చు, పక్కింటి పిల్లాడి దగ్గర్నుంచి అంటుకోవచ్చు. ఎవరూ చెప్పలేరు."

"ఆ రోజు చెప్పాయిగా! మెట్లన్నీ ఎక్కించి మరీ చెప్పించావుగా!"

 పెద్దామె మంచం పట్టె మీద చేత్తో కొట్టింది. నేను తుఫాను వస్తుందనుకున్నాను. రాలేదు.

"పోనీ" అంది చివరికి. "నాకు ఓపిక లేదు. విషముంటే ఉంది, లేకపోతే లేదు. మీ వదిన ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆ పిల్ల వచ్చేలోగా ముందు గదికి సున్నం వేయించండి."

వదిన వంటింటి గుమ్మంలో ఉంది. అంతా విన్నది.  పెంకులక్క వైపు తిరిగి, "ఆ ఏడు ఈగలు బాగానే ఉన్నాయన్నమాట" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

సున్నం వేశారు. మంచం జరిపారు. ఆ రోజుల్లో వదిన మళ్ళీ మా పాపను అడగలేదు. నా భార్య ఇవ్వబోతే, "చేతులు తడిగా ఉన్నాయమ్మా" అంది. ఒక సాయంత్రం పెంకులక్క ప్రయోగశాలలో పని ఆపేసి నాతో ఇలా చెప్పింది.

"వదిన నన్ను అడుగుతోంది, నీళ్ళు మరగడమంటే బుడగలు రావడమా, గలగలా తెర్లడమా అని. ఆ రోజు గ్యాస్ అయిపోయిందా అని అడుగుతోంది. ముందురోజు కాచి పెట్టినవి ఉన్నాయిలే అని అవే పోశానేమో అంటోంది. ఇన్నేళ్ళూ కాచానని చెప్పావు కదా వదినా అన్నాను."

"ఏమన్నారు?"

"'అత్తయ్య కాచలేదంది కాబట్టి కాచాను అన్నాను. ఎదుటివాళ్ళు కాదంటుంటే మనం అవునంటాం. ఇప్పుడు ఎవరూ కాదనట్లేదు, నన్ను నేను అడిగి చూసుకుంటే గుర్తు రావట్లేదు' అంది. అమ్మ నమ్మకపోయినా వదినకు తన మీద తనకు నమ్మకం ఉండేది తమ్ముడూ. నేను వెళ్ళి రుజువు తెస్తానన్నాను. తెచ్చాను. దానికి రుజువు రుచి చూపించి లాగేసుకున్నాను."

"అమ్మ ఉండమంది కదక్కా."

"అమ్మ ఉండమంటే ఏం లాభం? వదినే ఉండలేకపోతోంది."

మనవరాలికి నొప్పులు మొదలయ్యే ముందు వారం వదిన సంచి సర్దుకుంది. పెద్దామె గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచుంది.

"ఎవరన్నారే నిన్ను వెళ్ళమని? నేనన్నానా?"

"ఎవరూ అనలేదత్తయ్యా."

"వీధిలో వాళ్ళు నన్నంటారు. కోడల్ని తరిమిందంటారు."

"నేనే వెళ్ళానని చెప్పండి."

"ఆ పిల్లను ఎవరు చూస్తారు? నా మోకాళ్ళు చూశావా? నా కూతురికా, పురుగులు తప్ప ఏం తెలియదు!"

"అందరూ ఉన్నారుగా. నేను ఉండకూడదత్తయ్యా. పసిబిడ్డ కదా." ఆ మాట పెద్దామె అన్నదే. వదిన దాన్ని సొంత మాటలా అంది.

పెద్దామె కుర్చీ పక్కకు జరుపుకోలేదు. అన్నయ్య వచ్చి తల్లిని భుజాలు పట్టి లేవదీశాడు. సంచి తీసుకుని భార్యను బస్సుస్టాండుకు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి షెడ్డుకు వెళ్ళిపోయాడు, సెలవు రోజైనా.

మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ఆర్నెల్లు ఉంది, వెళ్ళింది. వదిన రాలేదు. పెద్దామె మొదట కోపంగా, తరవాత మామూలుగా, ఈ మధ్య భయంభయంగా, "ఎప్పుడొస్తానంది?" అని అడుగుతుంది. అన్నయ్య నెలకోసారి వెళ్ళివస్తాడు. బాగానే ఉంది అంటాడు.

పెంకులక్క ఒక్కసారే వెళ్ళింది. అక్కడ వదిన ఆమెను పక్కన కూచోబెట్టుకుని, బురద కాకుండా ఇంకేదైనా పరీక్ష ఉంటుందా అని అడిగిందట. పాత కుళాయి గొట్టాల్లో గానీ, ఆసుపత్రివాళ్ళ దగ్గర గానీ, ఎక్కడైనా. లేదని చెప్పడానికే నోరు తెరిచానంది పెంకులక్క. ఆమె మొహం చూసి, "ఉంది వదినా, వేరే ఊరికి పంపాలి, పంపుతాను" అని వచ్చేసింది.

"ఎందుకలా చెప్పావక్కా?" అన్నాను.

"మరేం చెప్పమంటావు?" అంది, కళ్ళు మైక్రోస్కోపులోంచి తియ్యకుండా.

పోయిన వారం వదిన ప్రయోగశాలకే ఫోన్ చేసింది. ఎత్తింది నేను. మా పాప ఎలా ఉందని అడిగింది, నడుస్తోందని చెప్పాను. తరవాత పెంకులక్కను పిలవమంది. నేను నా బల్ల దగ్గరే ఉన్నాను కాబట్టి ఇటువైపు మాటలు వినిపించాయి.

"ఆఁ వదినా... పంపించాను... లేదు, ఇంకా రాలేదు. టైం పడుతుందన్నారు."